గుడ్డతో కుట్టిన నీడ

మా ఇంట్లో ముక్కు మీద కోపం నాది, ఓపిక మా అక్కది. విడివిడిగా ఎన్ని కుట్టామో గానీ, ఇద్దరం కలిసి కుట్టింది మాత్రం ఒక నీడని.

అక్కది రఫూ పని. కాలిన కోటు, ఎలుక కొరికిన శాలువా, ఏది తెచ్చినా ఆ బట్ట మడతలోంచే ఒక పోగు లాగి, దానికి సరిపోయే దారం వెతికి, చిరుగు సంగతే మరిచిపోయేలా నేస్తుంది. దానికి పడమటి కిటికీ ఎండ కావాలి. ట్యూబులైటు కింద నలుపూ ముదురు నీలమూ ఒకేలా కనిపిస్తాయి. ఆ ఎండ పోతే అక్క చేతిలో పని పోయినట్టే.

మాది దర్జీల వీధి. ఇక్కడ నాలుగంతస్తులకు మించి కట్టకూడదని రూలు. ఇప్పుడేమో పడమటి మూలనున్న పాత గోదాం పడగొట్టి, రూలు సడలిస్తే పద్దెనిమిది అంతస్తులు లేపుతామంటున్నారు. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులోకి అన్ని కార్లు ఏ దారిన వస్తాయి? మీటింగులో ఇదే అడిగి గొంతు చించుకున్నాను. ప్లానింగు ఆఫీసరు తల ఊపాడంతే. నాకు ఒళ్ళు మండింది.

"ఆ బిల్డింగు నీడ ఎంత పడుతుందో ఆయనకి చూపిద్దాం," అన్నాడు బావ. బావంటే అక్క మొగుడు, చొక్కాల కటింగులో వీధికి పెద్ద దిక్కు. "కాయితం మీద కాదు, గుడ్డతో."

సాయంత్రం పూట ఆ నీడ ఎక్కడిదాకా వస్తుందో ప్లాను చూసి లెక్కగట్టి, సుద్దముక్కతో రోడ్డు మీద గీశాడు. ఇంటింటా మిగిలిన లైనింగు ముక్కలు తెచ్చారు. ఎలాగోలా అతికేద్దామంటే అక్క ఊరుకుంటుందా?

"నీడంతా ఒకటే నలుపు కాదే. అంచుకొచ్చేసరికి పల్చబడుతుంది," అంటూ నడుమ నలుపు, తర్వాత బూడిద, చివర వానమబ్బు రంగు ఏరి పేర్చింది. అతుకులు ఎక్కడున్నాయో కుట్టిన నాకే తెలియలేదు.

ఆఫీసరు మా వీధి చూడ్డానికి వచ్చే రోజున వీధికి రెండు కొసలా బల్లలు అడ్డం పెట్టి బండ్లు ఆపేశాం. ఎదురెదురు బాల్కనీలకు తాళ్ళు కట్టి నీడను పైకి లాగాం.

వీధి నీళ్ళలో మునిగినట్టయింది. గాలి వచ్చినప్పుడల్లా పైన గుడ్డ ఊపిరి పీల్చి వదిలేది, కింద గోడలూ మొహాలూ మెల్లగా కదిలేవి. మాటలు తగ్గాయి. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఇస్త్రీ తాతయ్య మెట్టు మీదే కునుకు తీశాడు. ఎవరో మడతమంచం తెచ్చి నడిరోడ్డున వేశారు. పిల్లలు చేతులు చాపి ఈత కొడుతున్నట్టు తిరిగారు. హారను లేదు, పొగ లేదు. మా వీధి ఇంత బాగుంటుందని నాకు తెలియదు. ఎందుకో ఏడుపొచ్చింది.

అప్పుడే వచ్చాడు ఆఫీసరు. మెడ తుడుచుకుని పైకి చూశాడు. "అబ్బ, ఎంత చల్లగా ఉందండీ!"

"ప్రాణం లేచొచ్చింది సార్," అన్నాడు తాతయ్య కళ్ళు తెరవకుండానే.

"ఇలా ఉంటుందంటే కట్టుకోనివ్వండి మరి," అంది ఎదురింటి వదిన. మీటింగులో నా పక్కన నిలబడి అరిచిన వదినే!

మా కొంప మునిగింది. జనం భయపడాలని కదా కుట్టాం! ముతక గోనెపట్టా కట్టినా సరిపోయేది. వికారంగా కుట్టడం మాకు చేతకాలేదు. బండ్లు ఆపింది కూడా మేమే.

లోపలికి పరుగెత్తాను. అక్క కిటికీ దగ్గర ఉంది, ఒళ్ళో ఎవరిదో కోటు, చేతిలో రెండు పోగులు. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"చిన్నీ, వీటిలో నలుపేదే?"

నాకు బుద్ధి తెలిశాక అక్క నన్ను రంగు అడగడం ఇదే మొదలు. దారాల డబ్బా తప్పుగా సర్దితే నెత్తిన మొట్టే మనిషి.

"నాకూ తెలీడంలేదక్కా."

"అయితే ఇలా ఉంటుందన్నమాట," అంది, పోగులు ఒళ్ళో పెట్టేసుకుని.

కటింగు కత్తెర తీసుకుని బాల్కనీ ఎక్కాను. కింద బావ "ఏయ్, ఏయ్" అంటూనే ఉన్నాడు. తాళ్ళు తెంపాను. నీడ నిద్రలో ఒత్తిగిలినట్టు ఓ పక్కకు ఒరిగి, అందరి మీదా జారింది. ఎండ వీధిలోకి దూకింది. తాతయ్య తిట్టాడు, వదిన తిట్టింది.

ఆఫీసరు నెత్తి మీది గుడ్డ లాక్కుని, "ఏంటమ్మా ఇది, హాయిగా ఉంటే!" అన్నాడు.

"మాకూ హాయిగానే ఉంది సార్. దీనికి కత్తెర సరిపోయింది. రేపు ఆ బిల్డింగు నీడని దేంతో తెంపాలి?" అన్నాను.

బల్లల అవతల ఆపిన బండ్లు హారన్లు మొదలుపెట్టాయి, ఒకదాని వెనక ఒకటి, పెద్దరోడ్డు దాకా. కిటికీలో అక్క ఒక పోగు ఎండలోకి ఎత్తింది. "ఇది నీలం," అంది తనలో తనే. రెండోది ఎత్తింది. సూదిలోకి ఎక్కించింది. ఆమె మొదటి కుట్టు వేసేదాకా ఆఫీసరు కిటికీ వైపే చూస్తూ ఎండలో నిలబడే ఉన్నాడు.

"ఇంకోసారి కట్టండి," అన్నాడు చివరికి. "ఈసారి బండ్లు ఆపకండి. నేను ఆవిడ గదిలో కూర్చుంటాను."

"రండి సార్," అంది అక్క తలెత్తకుండానే. "పోగులు మీ చేతికే ఇస్తాను."