కత్తెర ముడి

హనుమంతు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు సాంచా పండ్లచక్రంలో పడి తెగిపోయాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ‘పోతే పోయినయ్, మూడు వేళ్లున్నయ్ గదా’ అన్నారు చూడవచ్చినవాళ్లు. అనేవాళ్లకేం పోయింది! తెగిన పోగును ముడేయడానికి కావలసింది ఆ రెండు వేళ్లే.

ఏడు నెలలు ఇంట్లో కూర్చుని భార్య కమలవ్వ కొంగు కుచ్చుల మీద సాధన చేశాడు. ఎడమచేత్తో పట్టి, పళ్లతో లాగి ముడేస్తాడు. ముడి పడుతుంది గానీ నిదానంగా పడుతుంది, కొరికిన కొస పీచులేచి ఉంటుంది. రెండు సాంచాలైతే బేఫికర్‌గా నడపగలడు.

సాంచాల యజమాని, ఆసామి రాజేశం తన గదిలోకి పిలిచి ఉన్నమాట చెప్పాడు. “ఒక్కరోజు అందరి లెక్క నాలుగు నడిపి సూపియ్యి. కాకుంటే రెండిస్త. కని వేరేటోడు నీ సాంచా మీద చెయ్యేస్తే ఇద్దర్నీ ఇంటికి తోల్త.”

రెండిస్తానన్న మాట హనుమంతు బయట ఎవరికీ చెప్పలేదు. సగం పనోడని నవ్వుతారేమోనని సిగ్గు. ఆ పాడు సిగ్గే కొంప ముంచింది.

నాలుగు నడిపి చూపాల్సిన రోజు ఒక సాంచా మీద వంగి పోగు ముడేసి లేచేసరికి మిగతా మూడూ ఆడుతూనే ఉన్నాయి. అదృష్టం అనుకున్నాడు, పిచ్చి మనిషి. సాయంత్రం రాజేశం గుడ్డ చూసి మురిసిపోయాడు. “శభాష్ రా! రేపటిసంది నాలుగూ నీయే.”

హనుమంతు గుడ్డను తడిమి చూశాడు. సగానికి సగం ముడుల కొసలు కత్తెరతో నున్నగా కత్తిరించి ఉన్నాయి. పక్క వరుసలో సాంచాలు నడిపే సాయిచంద్ కళ్లతోనే నవ్వుతున్నాడు. హనుమంతు రాజేశం వైపు తిరిగాడు.

“కాకా, నాకు రెండు సాలు,” అన్నాడు.

“గిదేందిరా? చాతనైతదని నువ్వే సూపిస్తివి. నాలుగు నడపకుంటే పో, రెండడిగేటోళ్లు బయట మస్తుమంది ఉన్నరు.”

నిజం చెబితే సాయిచంద్ పని కూడా పోతుంది. హనుమంతు గుడ్డను వదిలి బయటికి నడిచాడు.

చాయ్ దగ్గర సాయిచంద్ వచ్చి హనుమంతు భుజం మీద చెయ్యేశాడు. “గెలిచినం అన్నా. నాలుగు నడపకుంటే నిన్ను తీసేస్తడని మేం పరేషాన్ అయినం.”

“మరి రేపు?”

సాయిచంద్ ముఖంలో నవ్వు పోయింది. “ఒక్కరోజంటే ఎట్లనో సూసినం. రేపు నా నాలుగు నాకుంటయ్ గదనే.”

మర్నాడు పొద్దున మొదటి సాంచాలో పోగు తెగింది. హనుమంతు దాన్ని ఆపి, వంగి, కొస పళ్ల మధ్య పట్టుకున్నాడు. వెనక ఇంకొకదాంట్లో పోగులు తెగి గుడ్డ ఖరాబవుతుంటే పరుగెత్తి అదీ ఆపాడు, మళ్లీ వచ్చి వంగాడు. అంతలో మూడోదీ ఆగింది. తల తిప్పి చూశాడు. సాయిచంద్ తన సాంచా మీది నుంచి తలెత్తలేదు.

చప్పుడు తగ్గిందని రాజేశం గదిలోంచి వచ్చాడు. “నిన్న నాలుగూ నడిపినవ్ గదరా? ఇయ్యాలేమైంది, చెప్పు.”

హనుమంతు నోట్లో పోగుంది. చెప్పాలంటే దాన్ని వదలాలి. అతను పళ్లు ఇంకా గట్టిగా బిగించాడు.