పగలమ్మ, రాత్రమ్మ

మంచం చల్లగా ఉంది.

పగలమ్మ దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసింది. నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది. సాయంత్రం ఆరున్నర. మామూలుగా ఈ వేళకు పరుపులో ఇంకా కాస్త వెచ్చదనం మిగిలి ఉంటుంది. అరగంట క్రితం దాకా అక్కడ రాత్రమ్మ పడుకుని ఉంటుంది కనుక. ఈరోజు పరుపు బండరాయిలా ఉంది. పొద్దున తను మడిచిన దుప్పటి మడత కూడా చెదరలేదు.

ఆ పేర్లు పెట్టింది ఓనరమ్మ. నిజానికి ఆవిడా ఓనరు కాదు. మూడు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, మూడు మంచాలు వేసి, ఒక్కో మంచాన్ని ఇద్దరికి అద్దెకిచ్చింది. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఒకరిది, మిగతా పన్నెండు గంటలు ఇంకొకరిది. కిటికీ పక్క మంచంలో పగలు పనికెళ్లేది పగలమ్మ, రాత్రి పనికెళ్లేది రాత్రమ్మ.

"పేర్లన్నీ గుర్తుపెట్టుకునే బుర్ర నాకు లేదు తల్లీ. మంచాలు గుర్తుంటే చాలు" అనేది ఆవిడ.

ఎనిమిది నెలలుగా ఆ ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. పగలమ్మ బస్సు ఆరుకు పది నిమిషాల ముందే. రాత్రమ్మ వచ్చేది ఆరుంపావుకు. సెలవు రోజున కూడా పగలమ్మ పొద్దున్నే గది ఖాళీ చెయ్యాలి. లైబ్రరీ తెరిచేదాకా బస్టాపులో, ఆ తర్వాత లైబ్రరీలో, అది మూశాక మార్కెట్టు బెంచీ మీద. ఎక్కడ కూర్చోవాలన్నదే సెలవు రోజు పని.

సొంత ఊళ్లో ఆమెకు మూడు మిషన్ల టైలరింగ్ షాపుండేది. ఈ పరాయి దేశంలో ఒక డ్రైక్లీనింగ్ షాపులో ప్యాంట్లు పొట్టి చేస్తుంది. ఇక్కడి జీతాన్ని మన డబ్బుల్లోకి మార్చి చూసినప్పుడు చుట్టాలందరికీ కళ్లు తిరిగాయి. ఇక్కడి అద్దెను కూడా అలాగే మార్చి చూడాలని ఎవరికీ తోచలేదు, తనతో సహా.

"ఇల్లెలా ఉందే? గాలీ వెలుతురూ వస్తాయా?" అని చెల్లెలు ఫోన్లో అడుగుతుంది.

"కిటికీ పక్కనే నా మంచం" అంటుంది పగలమ్మ. అబద్ధమైతే కాదు.

రెండో నెలలో ఒకరోజు మంచం కమ్మీకి ఒక యూనిఫాం కోటు వేలాడుతూ కనిపించింది. చంక కింద చిరిగింది. కుట్టి అక్కడే పెట్టింది. మర్నాడు దిండు మీద రెండు ఆపిల్స్. అప్పటినుంచి కోటో ప్యాంటో వస్తూనే ఉంది. చీటీ రాద్దామని ఒకట్రెండుసార్లు అనుకుంది. ఎలా ఉన్నారని రాస్తే జవాబు రేపటికి గాని రాదు, అప్పటికి ఆవిడ ఎలా ఉంటుందో ఏమో అని మానేసింది.

బుధవారం కూడా మంచం చల్లగానే ఉంది. పగలమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్లింది.

"అక్కా, రాత్రమ్మ రెండ్రోజుల్నుంచి రావట్లేదు."

"నీకు మంచిదేగా! రేపు నీకు సెలవు. పగలంతా కాళ్లు చాపుకుని పడుకో. ఎక్స్‌ట్రా ఏం అడగన్లే."

"ఫోన్ చేశారా?"

"చేశా. స్విచ్చాఫ్. ఈ నెల అద్దె ఇచ్చేసింది. ఎక్కడికి పోతుంది, వస్తుంది."

"ఎక్కడ పని చేస్తుందో..."

"ఏదో ప్యాకింగు. నేనడగలేదు, తను చెప్పలేదు."

"పోనీ, పోలీసులకు చెబుదామా?"

ఓనరమ్మ స్టవ్ ఆపింది. వెళ్లి వీధి తలుపు వేసి వచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా? ముగ్గురుండాల్సిన ఇంట్లో ఏడుగురం ఉన్నాం. వాళ్లొచ్చి తలలు లెక్కపెడితే రేపీపాటికి అందరం రోడ్డు మీదే. నీ పరుపు నువ్వే మోసుకెళ్లాలి."

ఆ మాట నిజమే. ఈ సగం మంచం పోతే ఈ ఊళ్లో తన జీతానికి పావు మంచం కూడా దొరకదు. పగలమ్మ నోరు మూసుకుని వచ్చి పడుకుంది. నిద్ర పట్టలేదు. ఒక మనిషి మాయమైంది. ఆ సంగతి పట్టించుకున్నది లోకం మొత్తంలో తనొక్కతే. తను కూడా ఊరుకుంటే?

కమ్మీకి రాత్రమ్మ కుట్టమని వదిలిన గుండీలు ఊడిన కోటు వేలాడుతూనే ఉంది. కాలరు లోపల పసుపు గుడ్డపట్టీ, దాని మీద నల్ల అంకెలు. లాండ్రీ గుర్తు!

గురువారం షాపు తెరిచేసరికి ఆమె గుమ్మంలో ఉంది. ఇస్త్రీ చేసే బాబాయ్ కళ్లద్దాలు పైకి నెట్టాడు.

"ఏంటే, సెలవు రోజున కూడా ఇక్కడికేనా? ఇస్త్రీపెట్టె మీద అంత ప్రేమైతే ఇంటికి పట్టుకుపో."

"బాబాయ్, ఈ పట్టీ ఎవరిది?"

ఆయన అలా చూసి చెప్పేశాడు. "ఊరి చివర మందుల గోడౌను వాళ్లది. మూడేళ్లు ఉతికాను వాళ్ల బట్టలు. ఏం, ఉద్యోగం మారుతున్నావా?"

జవాబు చెప్పేలోగా బస్సొచ్చింది.

గోడౌను గేటు దగ్గర సూపర్‌వైజరు అడ్డంగా నిలబడ్డాడు. పగలమ్మ తనకొచ్చిన నాలుగు ముక్కల భాషలో సంగతి చెప్పింది.

"ఆమె పేరు?"

"తెలీదు."

"ఎలా ఉంటుంది?"

"చూడలేదు."

పక్కనున్న వాచ్‌మన్ పకపకా నవ్వాడు. సూపర్‌వైజరు నవ్వలేదు. "మరి నీకేమవుతుంది?" అన్నాడు.

మేమిద్దరం ఒకే మంచం అని చెప్పబోయి ఆగింది. అది చెబితే ఇల్లెక్కడ అంటాడు. అతను గేటు మూయబోయాడు. పగలమ్మ కోటు విప్పి అతని ముందు పరిచింది.

"పొడుగ్గా ఉంటుంది. నాకంటే జానెడు ఎక్కువ. ఎడమ భుజం అర అంగుళం కిందికి దిగి ఉంటుంది. ఎడమ జేబులో ఎప్పుడూ బరువుంటుంది, ఆ మూల రెండుసార్లు కుట్టాను. ఈ రెండు నెలల్లో బాగా చిక్కిపోయింది. రెండుసార్లు నడుం లూజు తీశాను."

వాచ్‌మన్ నవ్వు ఆగిపోయింది.

"తాళాలు" అన్నాడు సూపర్‌వైజరు మెల్లగా. "అరల తాళాల గుత్తి ఆమె జేబులోనే ఉంటుంది. సోమవారం షిఫ్టులో నిచ్చెన మీంచి పడింది. కాలు విరిగింది. ఆమె రాసిచ్చిన అడ్రసుకు మనిషిని పంపాం. ఆ వీధిలో ఆ నంబరు ఇల్లే లేదు."

అతను చెప్పిన ఆసుపత్రిలో నాలుగింటికి గాని లోపలికి వదల్లేదు. మూడో అంతస్తు. ఆరు మంచాల వార్డు. అయిదు మంచాల చుట్టూ జనం, పళ్లు, పువ్వులు. ఆరో మంచం చుట్టూ ఏమీ లేదు. కాలికి కట్టుతో పొడుగాటి మనిషి గోడకేసి చూస్తోంది. తల తిప్పింది. ముందు ముఖం కాదు, కోటు చూసింది.

"అది నా కోటు!" ఆ తర్వాత కళ్లు పైకెత్తింది. "పగలమ్మవా? ఓసినీ, ఇంత పొట్టిదానివా! అందుకేనన్నమాట, దుప్పటి కాళ్ల వైపు ఎప్పుడూ నలగదు."

"మీరు పొడుగని నాకు తెలుసక్కా."

ఇద్దరూ నవ్వారు. ముందు రాత్రమ్మ నవ్వు ఆగింది.

"అడ్రసు తప్పెందుకు చెప్పారు?"

"నిజం చెబితే తలుపు కొడతారు. ఏడుగురు రోడ్డున పడతారు, నీతో సహా. ఫోన్ ముక్కలైంది, ఓనరమ్మ నంబరు అందులోనే పోయింది. పాస్‌పోర్టేమో మంచం కింద పెట్టెలో ఉంది. ఈరోజు సాయంత్రం ఆరులోగా అది చూపించకపోతే కంపెనీ ఖర్చులు పెట్టుకోదట. మీకోసం ఎవరొస్తారని నర్సు రోజూ అడిగేది. ఆలోచిస్తే నువ్వే తట్టావు. కానీ ఏమని కబురు పంపను? నీ పేరు తెలిస్తేగా."

గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. రెండు బస్సులు వెళ్లడానికి, రెండు బస్సులు రావడానికి.

పెట్టె లాక్కుని బయల్దేరుతుంటే గుమ్మంలో ఓనరమ్మ అడ్డుపడింది. "ఎక్కడికే అది?"

"ఆసుపత్రికి. మనిల్లు ఎక్కడో ఆవిడ చెప్పలేదు. కాలు విరిగినా చెప్పలేదు."

ఓనరమ్మ పక్కకు తప్పుకుంది. "బతికే ఉందిగా?" అని మాత్రం అడిగి, అక్కడే మెట్టు మీద కూలబడింది.

రెండో బస్సు మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. పగలమ్మ దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. వార్డులోకి వచ్చేసరికి కంపెనీ గుమాస్తా ఫైలు కట్టేస్తున్నాడు. ఆరుకు నాలుగు నిమిషాలుంది. పాస్‌పోర్టు తీసి అతని చేతిలో పెట్టాక గాని ఆమె ఊపిరి తీసుకోలేదు.

ఖర్చులన్నీ కంపెనీవే అయ్యాయి. ఇంటికి టికెట్టు కూడా. తర్వాత నాలుగు సాయంత్రాలు పగలమ్మ పని నుంచి నేరుగా ఆ వార్డుకే వెళ్లింది. ఇద్దరూ పేర్లు చెప్పుకున్నారు, ఓనరమ్మను అనుకరించి నవ్వుకున్నారు. "నీ తలనొప్పి మందు వాసన దిండుకు అంటుకునేది, నీకు ఒంట్లో బాగోనప్పుడల్లా నాకు తెలిసేది" అంది రాత్రమ్మ. అయిదో సాయంత్రం ఆరో మంచంలో ఎవరో ముసలావిడ ఉంది. మధ్యాహ్నమే కంపెనీ వ్యాను వచ్చి రాత్రమ్మను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లిందట. అప్పుడు పగలమ్మ ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తోంది.

వారం రోజులు మంచం మొత్తం తనదే అయింది. అయినా సెలవు రోజున అలవాటుగా పొద్దున్నే గది ఖాళీ చేసింది.

"రేపట్నుంచి కొత్త రాత్రమ్మ వస్తోంది" అంది ఓనరమ్మ ఒక సాయంత్రం. "పొద్దున్నే ఖాళీ చెయ్యి."

పొద్దున ఆరుకు పది నిమిషాల ముందు బస్సు కిటికీ కిందనుంచి వెళ్లిపోయింది. పగలమ్మ మంచం మీదే కూర్చుని ఉంది. ఈ పూట జీతం పోయినట్టే.

ఆరుంపావుకు తలుపు తోసుకుని ఒక పిల్ల వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. భుజాన సంచి, కళ్ల కింద నలుపు. మనిషిని చూసి బెదిరి వెనక్కి అడుగేసింది.

"సారీ అండీ, ఆరు దాటాక రావచ్చన్నారు..."

"అన్నారు. లోపలికి రా."

"మీకు పనికి లేటవదా?"

"అయిపోయింది. ముందు నీ పేరు చెప్పు. ఎక్కడ పని చేస్తావో చెప్పు. ఇంటి దగ్గర ఎవరున్నారో, వాళ్ల నంబరేంటో చెప్పు."

ఆ పిల్ల అనుమానంగా చూసింది. "ఎందుకండీ?"

పగలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. పిల్ల సంచి దించకుండానే అంచున కూర్చుంది. ముందు పేరు చెప్పింది.