ముఖం కనబడని సీను

ఇంకాసేపటికి ఆ సీను వచ్చేస్తుంది, లేచి బయటికి పోదామంటే అమ్మ ఊరుకోదు, సలటిగా ఊరి నుంచి ఇరుగుపొరుగు ఆడవాళ్లను వెంటేసుకుని మరీ సెమరాంగ్‌లో ఈ సినిమా హాలు దాకా వచ్చింది, హీరోయిన్ మా అమ్మాయేనయ్యా అని టికెట్లు చింపేవాడికి కూడా చెప్పింది, అసలైన చోట ఆ అమ్మాయి ముఖమే ఉండదని ఆమెకెలా చెప్పడం అనుకుంటూ వెనింగ్ సీట్లో ఇంకాస్త కిందికి జారింది, తెర మీదికి వంటిల్లు వచ్చేసింది, ఆ వంటింటి వెనక పనసచెట్టు కిందే కదా షూటింగు రోజు పొద్దున తనని కందిరీగ కుట్టింది, ఎడమ కన్ను మూసుకుపోయి, పెదవి బూరెలా పొంగి, రేపు తీద్దాం అక్కా అని డైరెక్టర్ సులస్త్రిని ఎంతో బతిమాలింది, రేపెక్కడిదే, తండ్రి వేషం దర్సోనోగారు మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోతున్నారు, అటు తిరిగి బియ్యం కడుగుతూ చెప్పెయ్, వెనకనుంచి తీస్తాను అంది అక్క, దానికి నేనెందుకు, వంటమనిషిని నిలబెట్టుకో అని తను ఏడిస్తే కన్ను మరింత మండింది, నెలంతా సాధన చేసిన ఏడుపు, కన్నీటి చుక్క ఏ చెంప మీద జారాలో కూడా తేల్చుకున్న ఏడుపు, అంతా గోడ పాలు.

ముఖం ఎప్పుడు చూపిస్తారే వీళ్లు అని అమ్మ గొణిగింది, చూడమ్మా నువ్వు, తెర మీద తన వీపు, వదులైన కొప్పు, గిన్నెలో చేతులు, ఇవతల చాప మీద ముసలి తండ్రి, సరస్సు మీదికి వేటకెళ్లిన కొడుకు ఇంకా రాలేదేమని అడుగుతున్నాడు, అన్నయ్య ఇక రాడు నాన్నా, పడవ ఒక్కటే దొరికింది అంటోంది ఆ వీపు, వాచిన పెదవిలోంచి మాట ముద్దగా వచ్చింది, ఆ రోజు దర్సోనోగారికి నిజంగానే వినబడలేదు, కాగితం మీద లేని మాట అడిగేశారు, ఏంటమ్మా, ఏమన్నావు, అక్క కట్ అంటుందేమోనని తను చెవులు రిక్కించింది, అనలేదు, బియ్యంలో చేతులు ఆగిపోయాయి, మళ్లీ చెప్పాలా ఆ మాట, ఒకసారికే ప్రాణం పోయింది, రాడు నాన్నా, అన్నయ్య రాడు, ఒక్కో అక్షరం కూడదీసుకుని, ఈసారి కాస్త గట్టిగా.

హాల్లో పల్లీల పొట్లాల చప్పుడు ఆగిపోయింది, ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు, అమ్మ చీకట్లో తడుముకుని తన మణికట్టు పట్టుకుంది, ఎంత పని చేశావే తల్లీ, ఆ పిచ్చాయనకి రెండోసారి ఎలా చెప్పావే, ఏమో అమ్మా, నిజంగా ఏమో, అది తన తెలివి కాదు, అక్క ముందే ఊహించిందీ కాదు, గోడకేసి తిరిగి ఉన్నప్పుడు తనెలా కనబడుతోందన్న ధ్యాసే లేదు, వెనకాల ఒక ముసలాయన ఉన్నాడు, ఆయనకు వినబడలేదు, ఆయనకు చెప్పాలి, అంతే, ఇన్నేళ్ల నటనలో తను ఎదుటి మనిషితో మాట్లాడింది ఆ ఒక్కసారే.