పచ్చగీత

అయినా చెవుడు ఇలా ఉన్నట్టుండి వస్తుందా ఎవరికైనా, అందులోనూ వదినకి, పక్కవాళ్ళ పొయ్యి మీద పాలు పొంగితే మా వంటింట్లోంచి కేకేసి చెప్పే మనిషికి, ఇప్పుడు ఆ మనిషే కింది అంతస్తులో అంబులెన్సు ఫోన్లెత్తే గదిలో ఆఖరి డ్యూటీ చేస్తోంది, దిగగానే ఉద్యోగం మానేస్తానని చెప్పేస్తుందట, పొద్దున బస్సులో కిటికీలోకి చూస్తూ, నా చెవులు పోయాయే పిల్లా, ఎవరి ప్రాణమో పోయేదాకా కూర్చోమంటావా, అంది, పై అంతస్తులో ఆ ఫోన్ల లైను చూసుకునేది నేను, లైనులో లోపమేమీ లేదని రాసిచ్చిందీ నేనే కదా, నా కంప్యూటరు మీద లైను బాగోగులు చూపించే గీత అప్పుడు పచ్చగానే ఉంది, ఇప్పుడూ పచ్చగానే ఉంది, మరి మొన్నొక రోజు ఫోన్ చేసినాయన, భార్యకి ఊపిరాడటం లేదని వీధి పేరు చెబుతుంటే మాట మధ్యలో తెగిందట, మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అని వదిన అడిగిందట, చెవిటిదాన్ని కూర్చోబెట్టారేంటయ్యా అని ఆయన ఏడుస్తూ తిట్టాడట, బండి వేరే వీధికి పోయింది, ఆవిడ బతికింది, కానీ అది వదిన గొప్ప కాదు, వదినే అంది ఆ మాట, భోజనాల దగ్గర అన్నయ్యేమో, ఇన్నేళ్ళూ నా మాట వినదనుకున్నాను, వినపడదన్నమాట, అన్నాడు, అందరం నవ్వాం, వదినా నవ్వింది, నవ్వుతూనే కంచం తీసుకుని లేచిపోయింది.

సరే, గీతని వదిలేసి లైనులో పోయే ప్యాకెట్లనే ఒక్కొక్కటిగా చూద్దామనుకున్నాను, మనుషుల గొంతుల్ని ముక్కలు చేసి మూటగట్టి పంపేవి కొన్ని, లైను బాగుందో లేదో చూడ్డానికి మేమే పంపే టెస్టు ప్యాకెట్లు కొన్ని, అవి ఎంత త్వరగా చేరితే గీత అంత పచ్చన, చూస్తున్నాను, టెస్టు, టెస్టు, టెస్టు, గొంతు ముక్క ఏది, ఇంకా టెస్టే, ఇదేంటి, మా టెస్టులకి ముందు వరస ఇచ్చి ఉంది, ఎవరొచ్చినా పక్కకి తప్పుకోవాల్సిన వరస, గొంతులు వెనక నిలబడ్డాయి, నిలబడి నిలబడి రాలిపోతున్నాయి, సార్, అన్నాను, మా సీనియర్ని అందరూ పచ్చగీత సారంటారు, ఆయన కాఫీ కప్పుతో వచ్చి, ఏంటమ్మాయ్, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి, అన్నాడు, మన టెస్టులు ముందు వరసలో పోతున్నాయి సార్, పోవాలి కదమ్మా, లేకపోతే గీత ఎర్రబడుతుంది, మరి ఫోన్లు సార్, ఫోన్లదేముంది, ఫోన్లు వెనక, అని ఆగిపోయాడు, కప్పు నోటిదాకా వెళ్ళలేదు.

టెస్టులు పెంచమ్మాయ్, వాళ్ళ నోళ్ళు మూయిద్దాం, కింది గదివాళ్ళు మొదటిసారి ఫిర్యాదు చేసినప్పుడు ఆయనన్న మాటే అది, ఫోన్లు సరిగా వినపడటం లేదని కింది గదిలోంచి ఎవరు అన్నా పెంచాను, పెంచినకొద్దీ ఇంకా వినపడటం లేదన్నారు, ఇంకా పెంచాను, నేనే, ఈ వేళ్ళతోనే, పెంచి పచ్చగీత చూసుకుని ఇంటికెళ్ళి వదిన వడ్డిస్తే తిన్నాను, అమ్మాయ్ ఆగు, పైవాళ్ళకి చెప్పి ఆపుదాం, అంటున్నాడు సారు, అప్పటికే టెస్టులన్నీ ఆపేశాను, గీత మాయమైంది, మెట్లు ఎలా దిగానో తెలియదు, కింద వదిన ఎవరితోనో మాట్లాడుతోంది, చెవికున్న హెడ్‌సెట్టుని చేత్తో అదిమి పట్టుకోనే లేదు, ఆఁ రాసుకున్నానండీ, బండి బయల్దేరింది, భయపడకండి, అంది, ఒక్కసారి కూడా మళ్ళీ చెప్పండి అనలేదు, నన్ను చూసి, ఏమైందే, ఆ చెమటలేంటి, అంది, ఎందుకో చెవిని తడుముకుంది, వదినా నీ చెవులకేం కాలేదు, అనాలి, ఇప్పుడే అనాలి, అంటాను, కానీ ముందు నాకు నేను చెప్పుకోవాలి కదా ఏం చేశానో, బాగున్నావా, బాగున్నావా అని ఆ లైనుని గుక్కతిప్పుకోకుండా అడిగింది నేను, ఇంకెవరి గొంతుకీ అందులో దారి దొరకనివ్వనిదీ నేనే.