చింతగింజంత గ్రంథి

జగన్నాధానికి కాగితం అక్కర్లేదు. నరసన్నపేటకు నాలుగు మైళ్ల దూరంలో వాళ్ల ఊరి పిల్లకాలువ మీద పదహారు తూములున్నాయి. ఏ తూము కింద ఎవరి మడి, ఎవరి వంతు ఎప్పుడు, ఎవరి పొలం పల్లంలో ఉండి బేగి నిండుతుంది, ఎవరిది మెరకలో ఉండి ఆలస్యమవుతుంది, అన్నీ అతని నోట్లోనే ఉండేవి. ఇరవై రెండేళ్లుగా అతను ఆ కాలువకు లష్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, వంతుల ప్రకారం నీళ్లు వదలడం అతని పని. నీళ్ల దగ్గర తగువొస్తే ఊరివాళ్లు అతని మాటే తీర్పుగా తీసుకునేవారు.

అలాంటి మనిషి, యాభై ఆరో ఏట, కాలువ చివరనున్న కూర్మమ్మ మడికి నీళ్లివ్వడం మరిచిపోయాడు. ఒకసారి కాదు, వరసగా మూడు వంతులు.

కూర్మమ్మకు భర్త లేడు. ఉన్నది ముప్పాతిక ఎకరం. వరసకు అక్క అవుతుంది కనుక జగన్నాధం ఆమెను అప్పా అని పిలుస్తాడు. ఊడ్చిన నారు పసుపెక్కి, మడి నెర్రెలిచ్చిన రోజున ఆమె కాలువ గట్టు మీదికొచ్చి అతన్ని నిలదీసింది.

"నా వంతు నీలేవి తమ్ముడూ?"

"నిన్న వదిలినాను కదప్పా. పొద్దున్నించి మద్దేనం దాకా."

"ఎక్కడ వదిలినావు? మడిలో తడి సుక్క నేదు. ఎల్లి సూడు."

"నాను అబద్ధం సెప్తన్నానేటి?" అని జగన్నాధం విరుచుకుపడ్డాడు. ఎన్నడూ గొంతు పెంచి ఎరగని మనిషి నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరకు మొగుణ్ణి మింగినదానివని కూడా అన్నాడు. గట్టు మీదున్న నలుగురూ నివ్వెరపోయారు. కూర్మమ్మ గట్టు దిగి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. తాగుతున్నాడని కొందరన్నారు. ఎగువ రైతులతో కుమ్మక్కయి నీళ్లు అటు మళ్లిస్తున్నాడని కొందరన్నారు. రెండూ నిజం కావని అతని భార్య దాలమ్మకు తెలుసు. నిజమేమిటో మాత్రం ఆమెకూ తెలియదు. ఏడాదిగా అతను మునుపటి మనిషి కాడు. అడిగిందే మూడుసార్లు అడిగేవాడు. మాట మధ్యలో ఆగిపోయి గోడ కేసి చూస్తూ కూర్చునేవాడు. ఒళ్లంతా నొప్పులనేవాడు. ఎముకలకు బలమొస్తుందని ఎవరో చెబితే ఆమె మందుల షాపులో కాల్షియం బిళ్లలు కొని, రోజూ పొద్దున్నే పాలతో దగ్గరుండి మింగించేది.

పట్నంలో ఒక డాక్టరు తలకు స్కానింగు తీయించాడు. అందులో ఏమీ లేదు. వయసుతో వచ్చే మతిమరుపేనని, జ్ఞాపకశక్తికి మాత్రలు రాసి పంపాడు. ఇంటికొచ్చాక జగన్నాధం భార్యతో, "మా అయ్యకొచ్చినదే నాకూ వచ్చినాదే. ఆఖర్న మా అయ్య నన్నే ఎవుడ్రా నువ్వని అడిగీవోడు. నాను నిన్ను అలాగ అడక్కముందే పోతే బాగున్ను," అన్నాడు. దాలమ్మ కోప్పడింది. తర్వాత పెరట్లోకి వెళ్లి ఏడ్చింది.

తగువైన పది రోజులకు, తెల్లవారుతూనే కూర్మమ్మ తన నీళ్లు తానే విడిపించుకుందామని కాలువకు బయలుదేరింది. చివరి తూము దగ్గర జగన్నాధం కూర్చుని ఉన్నాడు. షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు ఒళ్లో ఉంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"అప్పా, దీన్ని ఎటేపు తిప్పాల?" అని అడిగాడు.

 కూర్మమ్మ హ్యాండిలు తీసుకుని తానే తిప్పి నీళ్లు వదిలింది. మడి తడిసేదాకా అతని పక్కనే కూర్చుంది. ఆలోగా అతను తెచ్చుకున్న రెండు సీసాల నీళ్లూ గటగటా తాగేసి, ఇంకా దాహమన్నాడు. లేవబోయి నడుం పట్టుకుని కూలబడ్డాడు. కూర్మమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చింది.

"ఒసే దాలమ్మా, ఇది తాగుడూ కాదు, దొంగతనవూ కాదు," అంది గుమ్మంలోంచే. "మా అత్తకి మతిమరుపొస్తే తొమ్మిదేల్లు సాకినాను. ఆవిడికి ఈ దాహం నేదు, ఈ నొప్పులు నేవు. ఇది ఇంకేటో జబ్బు. నడు, ఆస్పత్రికి ఎల్దాం."

"నువ్వొస్తావా వదినా? నిన్ను అన్నన్ని మాటలన్నాడు కదా..."

"అన్నాడు. అది తరవాత సూసుకుందాం. ముందు ఆటో పిలు."

నరసన్నపేటలో, ఈసారి వేరే డాక్టరు. నడుం నొప్పి చూసి కిడ్నీలో రాయి అయ్యుంటుందని, రక్తపరీక్షలు రాసి ఎదురుగా ఉన్న చిన్న ల్యాబుకు పంపాడు. ఆ ల్యాబు నడిపే కృపానిధి నలభై ఏళ్ల మనిషి, బాప్టిస్టు సంఘం వాడు. రక్తం తీసుకుని గంటలో రమ్మన్నాడు. గంట తర్వాత వెళ్తే ఇంకో గంట కూర్చోమన్నాడు. ఆ తర్వాత మళ్లీ రక్తం తీశాడు. 

చివరకు కృపానిధి బయటికొచ్చి బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"పిన్నమ్మా, బాబాయ్ ఏటేటి మందులు వాడతన్నాడు?"

ఆమె సంచిలోంచి తీసి చూపించింది. అతను కాల్షియం బిళ్లల సీసా పక్కన పెట్టాడు.

"ఇవి ఈ రోజే ఆపీయండి. రక్తంలో కాల్షియం పదిన్నర దాటకూడదు. బాబాయ్‌కి పదమూడు దాటిపోనాది. మూడుసార్లు సూసినాను."

అతను కాగితం మాత్రం వాళ్ల చేతికివ్వలేదు. ల్యాబుకు తాళం వేసి, తానే రోడ్డు దాటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఇంకో హార్మోను పరీక్ష కూడా చేయిస్తే బాగుంటుందేమో చూడమని అడిగాడు. డాక్టరు కాగితం చూసి, లేచి నిలబడి, ఆ సాయంత్రమే విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు.

అక్కడి సర్జను ఒక డాక్టరమ్మ. తెల్ల కాగితం మీద మెడ బొమ్మ గీసి, ఓపిగ్గా చెప్పింది.

"థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజల్లాంటి గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకునేవి అవే. ఈయనకు వాటిలో ఒకటి చింతగింజంత అయి అదుపు తప్పింది. ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని లాగి రక్తంలోకి వదులుతోంది. ఒంటినొప్పులు, కిడ్నీలో రాయి, దాహం, మతిమరుపు, కోపం, అన్నీ దానివల్లే."

"నానేసిన బిల్లల వల్ల వచ్చినాదా అమ్మా?" అంది దాలమ్మ.

"కాదమ్మా. బిళ్లలు వేయకపోయినా ఈ జబ్బు వచ్చేదే. ఆపేశారుగా, ఇక దాని గురించి బాధపడకండి."

"తెలివి మల్లీ వస్తాదా?"

డాక్టరమ్మ గీసిన బొమ్మ పక్కన పెట్టింది. "చాలామంది తేరుకుంటారు. కొందరికి కొంతే తిరిగొస్తుంది. మాటివ్వలేను. కానీ ఆ గ్రంథి తీసేయడం మాత్రం తప్పదు," అంది.

రెండు రోజులు సెలైన్లు ఎక్కించి కాల్షియం దించారు. మూడో రోజు ఆపరేషను గంటన్నరలో అయిపోయింది. మెడ మీద బెత్తెడు కూడా లేని కోత. మర్నాడు అతని పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కాయి. నర్సు వచ్చి కాల్షియం బిళ్లలు ఇవ్వబోతే దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మల్లీ అవేనా? వద్దమ్మా, వద్దు!"

నర్సు నవ్వింది. ఇన్నాళ్లూ కాల్షియం పోగొట్టుకున్న ఎముకలు ఇప్పుడు దాన్ని తిరిగి పీల్చుకుంటున్నాయని, కొన్ని వారాలు ఈ బిళ్లలు తప్పవని నచ్చజెప్పింది. అయినా దాలమ్మ డాక్టరమ్మ నోటితో విన్నాకే మింగించింది.

ఆపరేషనయిన నాలుగో రోజు జగన్నాధం కిటికీ వైపు చూస్తూ పడుకుని, ఉన్నట్టుండి అన్నాడు. "దాలమ్మా, తొమ్మిదో తూము షట్టరు కింద కర్ర ఇరుక్కున్నాది. తియ్యకపోతే నీలు వోరగా పోతాయి. మనోలికి ఫోన్ సెయ్యి."

ఆమె ఫోన్ చేసింది. కర్ర నిజంగానే ఉంది. ఆమె వరండాలోకి వెళ్లి, చెంగు నోట్లో కుక్కుకుని, ఈసారి ఇంకోలా ఏడ్చింది.

ఒక్కసారిగా అంతా బాగుపడలేదు. ఇంటికొచ్చాక కూడా మనుషుల పేర్లకు తడుముకునేవాడు. ఎలా ఉందని అడిగితే, "బురద నీలు తేరుకుంటన్నట్టున్నాది," అనేవాడు. మూడు నెలలకు పనిలోకి వెళ్లాడు. మొదటి నెల ఒక పుస్తకంలో వంతులు రాసుకుని, నోటి లెక్కతో సరిచూసుకునేవాడు. రెండిటికీ తేడా రాలేదు. తాగుతున్నాడన్నవాళ్లే ఇంటికొచ్చి పలకరించిపోయారు.

ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. జబ్బుపడ్డ ఏడాదిలో చాలా రోజులు అతని జ్ఞాపకంలో ఖాళీగానే ఉండిపోయాయి. కూర్మమ్మను ఏదో అన్నాడని దాలమ్మ మాటల్లో తెలిసి, ఆమె ఇంటికి వెళ్లాడు.

"నిన్ను ఏటన్నానప్పా?"

కూర్మమ్మ దాచలేదు. అన్న మాట అన్నట్టే చెప్పింది. జగన్నాధం తల దించుకుని, ఆమె కాళ్ల మీదికి వంగబోయాడు. ఆమె భుజం పట్టి ఆపింది.

"నొప్పెట్టినాది. నువ్వు అడిగినావు గాబట్టి సెప్పినాను. జబ్బు అనిపించిన మాటని పట్టుకుని నానేటి సేసుకుంటాను? ఇంక ఆ మాట తియ్యకు."

"ఆ పంట పోయినాది కదా నీకు."

"సగం పోయినాది. సగం వచ్చినాది. నువ్వూ వచ్చినావు."

తర్వాత ఒక ఆదివారం ముగ్గురూ పేటలో కృపానిధి ఇంటికి వెళ్లారు. అతను అప్పుడే చర్చి నుంచి వచ్చాడు. జగన్నాధాన్ని చూసి ముందు గుర్తు పట్టలేదు. గుర్తుపట్టాక భార్యను పిలిచి, నాలుగు కంచాలు వేయమన్నాడు. చేపల పులుసుతో అన్నం తింటుండగా జగన్నాధం అడిగాడు.

"బాబూ, మూడుసార్లు ఎందుకు సూసినావు? ఒక్కసారి సూసి కాగితం ఇచ్చీసినా నిన్ను అడిగీవోడు లేడు."

కృపానిధి సిగ్గుపడ్డాడు. "నిజం సెప్పాలంటే బాబాయ్, మిషను పాడైపోనాదేమో అనుకున్నాను. రెండోసారీ అదే వచ్చినాక భయమేసినాది. నాను గొప్పగా సేసిందేటీ నేదు."

"నువ్వొదిలీసుంటే?"

కృపానిధి అతని కంచంలో ఇంకో చేప ముక్క వేశాడు. వెళ్లేముందు జగన్నాధం అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. చెప్పాలనుకున్నది దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాడు. తీరా ఇప్పుడు మాట రాలేదు. ఇది మతిమరుపు కాదని అతనికి తెలుసు, పక్కనున్న ఆడవాళ్లిద్దరికీ తెలుసు.

"కూకో బాబాయ్," అన్నాడు కృపానిధి. "ఎండ తగ్గినాక ఎల్దురు గాని. కొంచెం మజ్జిగ తాగు."