లంగరు వాత

మా బాక్ట్రియాలో గుర్రాలకు వాతలు వేసేవాణ్ణి నేను. పేరు వక్షుదాతుడు. ఏటా వసంతంలో అరవై మేలైన గుర్రాల తొడలమీద రాజవంశం గుర్తయిన లంగరు కాల్చి, పడమటనున్న రాజుకు పంపేవాళ్ళం. లంగరు వేసే సముద్రాన్ని మాలో ఎవడూ చూడలేదు. ఆ రాజునూ చూడలేదు. నది దాటి వచ్చిన దోపిడీ మూకలు మూడేళ్ళు వరసగా మా ఊళ్ళు తగలబెడితే, ఆ మహానుభావుడు ఒక్క విలుకాణ్ణి పంపిన పాపాన పోలేదు.

ఆ ఏడు ఎంపికలో మొదటిది నా అర్ద్వి. తల్లి చచ్చిపోతే మేకపాలు పట్టి నేను పెంచుకున్న ఆడగుర్రం.

"పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ఆ ఏడుపేంటయ్యా?" అంది నా భార్య నానైయా, తన కళ్ళు తుడుచుకుంటూ.

"ఏడుపు కాదు, కొలిమి పొగ. నువ్వు నోర్ముయ్యి" అన్నాను.

ఇనుము ఎర్రబడ్డాక నేను "ఈ గుర్రం ఎవరిది?" అని అరవాలి. రాజు మామీద పెట్టిన యవన క్షత్రపుడు "రాజుది" అనాలి. ఆ తర్వాతే వాత. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏనాడూ తడుముకోలేదు.

అడిగాను. ఆయన పలకలేదు.

గుర్రాలకోసం వచ్చిన రాజదూత విసుక్కున్నాడు. "మీ క్షత్రపుడికి చెవుడొచ్చినట్టుంది. కాల్చవోయ్!"

"జవాబు రాందే కాల్చకూడదు దొరా" అన్నాను. నా తల మెడమీద ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా రెండోసారి అడిగాను. క్షత్రపుడు కాలిపోయిన ఊళ్ళవైపు చూస్తున్నాడు. మూడోసారి గొంతు చించుకున్నాను.

"బాక్ట్రియాది!" అన్నాడాయన. యవన భాషలో కాదు, మా మాటలో.

మైదానం హోరెత్తిపోయింది. ఇనుమును నీళ్ళతొట్టిలో ముంచేశాను. అంత గర్వం నా పెళ్ళిరోజున కూడా కలగలేదు.

"సైన్యంతో వస్తాం. మీ నేలమీద గడ్డి మొలవనివ్వం!" అంటూ దూత కదిలాడు.

"వచ్చేప్పుడు గుర్రాలు మీరే తెచ్చుకోండి! ఇక్కడ ఎవరూ ఇవ్వరు!" అని నానైయా అరిచింది. జనం విరగబడి నవ్వారు.

క్షత్రపుడు నా దగ్గరికొచ్చాడు. "ఇక యుద్ధమే వక్షుదాతా. నా గుర్రం ముసలిదైపోయింది. నీ అర్ద్విని ఇస్తావా? ఇవ్వనన్నా ఏమీ అనుకోను."

ఇన్నేళ్ళూ తీసుకుపోయినవాళ్ళే గానీ, అడిగినవాళ్ళు లేరు. అర్ద్వి మెడ కావలించుకుని అందరిముందూ ఏడ్చాను. తర్వాత దాని కళ్ళెం ఆయన చేతిలో పెట్టాను.

"కొరడా మాత్రం ఎత్తకండి. మంచిగా చెప్తే ఎంతదూరమైనా వస్తుంది."