బొమ్మ లేని ప్రాసెసర్

అద్దాల అరలో ప్రాసెసర్ల పెట్టెలు సర్దడం సగమైంది. ఒక్కో పెట్టెనూ పొడిగుడ్డతో తుడిచి, పేరున్న వైపు బయటికి తిప్పి, ఖరీదైనవి కంటి ఎత్తులోనూ, చవకవి మోకాళ్ల దగ్గరా పెడుతోంది ఆమె. ఆ పద్ధతి ఓనరు పెట్టింది. కొనేవాళ్లలో ముప్పాతిక మంది మోకాళ్ల దగ్గర వెతికేవాళ్లే కాబట్టి, రోజంతా వంగి లేచేది మాత్రం ఆమె నడుము. ఓనరు నడుముకు ఆ కష్టం తెలియదు. అది కుర్చీలో హాయిగా ఉంటుంది.

షాపులో అందరూ ఆమెను ప్రాసెసరక్క అంటారు. మొదట్లో ఎవరో వెటకారానికి అన్న మాట. తర్వాత వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. కీబోర్డులు, తెరలు, తీగలు ఎవరైనా అమ్ముతారు. కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ ఏది కొనాలో తేలక కొట్టుమిట్టాడేవాళ్లు మాత్రం ఆమె ముందుకే రావాలి. ఆమె చదువుకున్నది అకౌంట్లు. కంప్యూటర్ లోపల ఏముంటుందో ఈ కౌంటరు వెనకే నిలబడి నేర్చుకుంది.

కౌంటరు వెనక చెక్క తలుపు, దాని అవతల కంప్యూటర్లు బిగించే గది. అక్కడ పేస్టు బాబాయి ఉంటాడు. ప్రాసెసర్ వేడి దిగడానికి పైన రాసే బూడిదరంగు పేస్టు ఆయన చొక్కా చేతులకు ఎప్పుడూ అంటుకుని ఉంటుంది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఆ షాపుకు తనదంటూ ఒక భాష ఉంది. తెర మీద ఏదైనా కనపడితే బొమ్మ వచ్చినట్టు. కొన్ని ప్రాసెసర్లకు బొమ్మ చూపించే శక్తి లోపలే ఉంటుంది. కొన్నింటికి ఉండదు. వాటికి వేరే గ్రాఫిక్స్ కార్డు కొని తగిలించాలి, లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా చూస్తూ ఉంటుంది. అలాంటివాటి పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటుంది. ఎఫ్ అంటే ఫేసు లేనిదని బాబాయి వ్యాఖ్యానం. ప్రాసెసర్ కూర్చునే బోర్డుల్లోనూ రెండు రకాలు. ముసలి బోర్డు చవక, దాని ప్రాసెసర్లూ చవక, ఇవాళ్టి ఆటలకు దిట్టంగా పనిచేస్తుంది. కానీ ఇక దానికి కొత్త సంబంధాలు రావు. పిల్ల బోర్డు అలా కాదు. ముందు ముందు వచ్చే ప్రాసెసర్లు కూడా దాని మీద కూర్చుంటాయి. పిల్ల కాబట్టి ఖర్చెక్కువ.

ఇవాళ ఆమె తన ఇంటికే ఒకటి కొనుక్కోవాలి.

ఆమె భర్త లారీ డ్రైవరు. గుండె ఉబ్బింది, స్టీరింగు ముట్టుకోవద్దు అన్నారు డాక్టర్లు. ముట్టుకోకుండా ఉండటం చేతకాక, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో లారీ నడిపే ఆట ఒకటి పట్టుకున్నాడు. ఆ ఆటలో రోడ్డు ముక్కలు ముక్కలుగా వచ్చేది. మలుపు కనపడేలోగా లారీ పొలంలో ఉండేది. నేనింతకాలం ఒక్క గొర్రెను కూడా గుద్దలేదు, ఈ డబ్బా నన్ను హంతకుణ్ణి చేస్తోందని రోజూ తిట్టేవాడు. పోయిన వారం ఆ డబ్బా కూడా పూర్తిగా పడుకుంది.

నిన్న డాక్టరమ్మ ఆమెను విడిగా కూర్చోబెట్టి, "మందులు పనిచేసినన్నాళ్లు పనిచేస్తాయమ్మా. ఆయనకి ఏదన్నా ఇష్టముంటే చేసుకోనివ్వండి" అంది. మొదటి వాక్యానికి ఆమెకు ఏమీ కాలేదు. రెండో వాక్యం విన్నాక, మడతపెట్టిన మందుల చీటీనే మళ్లీ విప్పి మడతపెట్టింది.

మధ్యాహ్నం కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. ఇద్దరూ ఆటలాడతారట. అతనికి వేగం కావాలి. ఆ పిల్లకు కంప్యూటర్ పెట్టె తెల్లగా ఉండాలి, లోపల రంగు దీపాలు వెలగాలి. ఉన్న డబ్బుకు రెండూ కుదరవు.

"ముసలి బోర్డు తీసుకుందామా అక్కా? వీడియోల్లో అందరూ అదే చెబుతున్నారు" అన్నాడు అతను.

"ఇవాళ్టికైతే అదే బాగుంటుంది బాబూ. రెండేళ్లు పోయాక మార్చాలంటే మొత్తం మార్చుకోవాలి. ముందు ముందు సంగతి కూడా చూసుకోవాలి కదా" అంది ఆమె. ఎన్నేళ్లుగానో అప్పజెబుతున్న పాఠం. ఇవాళ నోట్లోంచి వస్తుంటే చెవులకు కొత్తగా తగిలింది.

"విన్నావా? ముందు ముందట" అని ఆ పిల్ల మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. వాళ్లకు ముందు ముందు అంటే నవ్వొచ్చే మాట. పిల్ల బోర్డే కొన్నారు. దీపాలు తర్వాత కొనుక్కుంటామన్నారు.

వాళ్లు వెళ్లాక ఆమె వెనక గదిలోకి వెళ్లింది. బాబాయి స్క్రూలు పళ్లతో పట్టుకుని పనిచేస్తున్నాడు.

"మా ఇంటికి ఏది తీసుకెళ్లమంటావు బాబాయ్?"

ఆయన స్క్రూలు అరచేతిలోకి ఊశాడు. "మీ ఆయనకి లారీ ఆటే కదా. ముసలి బోర్డు, బొమ్మున్న ప్రాసెసరు. కళ్లు మూసుకుని తీసుకెళ్లు. ఆ డబ్బుకి అంత ఆట ఇంకేదీ ఆడించదు."

"మళ్లీ మార్చుకోడానికి ఉండదుగా."

"మారిస్తే ఏం, మార్చకపోతే ఏం? ఆడేది ఇవాళ కదమ్మాయ్."

ఆయనకు డాక్టరమ్మ మాట తెలియదు. మామూలుగా అన్నాడు, మళ్లీ స్క్రూలు నోట్లో పెట్టుకున్నాడు. ఆమెకు మాత్రం ఒళ్లు మండింది. బాబాయి మీద కాదు, ఆ మాట నిజమైనందుకు. గిర్రున తిరిగి వచ్చి పిల్ల బోర్డు తీసి కౌంటరు మీద పెట్టింది. దాని ఖర్చు పోగా మిగిలిన దాంట్లో ప్రాసెసర్ రావాలంటే మోకాళ్ల దగ్గరే వంగాలి. వంగింది. అన్నిటికన్నా చవకది తీసి సంచీలో వేసుకుంది. పేరు చివర చూడలేదు. పదిమందికి చూపించి చెప్పే అక్షరాన్ని తను చూడలేదు.

బిగించడానికి బాబాయి రెండు నిమిషాలు చాలన్నాడు. ఆమె వద్దంది. లారీ టైరు ఎవరితోనూ మార్పించుకోని మనిషి, ఇదీ తనే బిగిస్తానని ఇంట్లో పట్టుబట్టి కూర్చున్నాడు.

ఓనరును అడిగి కాస్త ముందే బయలుదేరింది. వాళ్లుండేది రెండో అంతస్తు. మెట్లెక్కే ఓపిక లేక, ఆస్పత్రికి తప్ప అతను కిందికి దిగడం మానేసి చాలా రోజులైంది. కిటికీ పక్కన బల్ల మీద పాత డబ్బా విప్పి, లోపల బ్రష్షుతో దుమ్ము దులిపి, స్క్రూలన్నీ మూతలో పోసి, పెళ్లికొడుకులా సిద్ధంగా ఉన్నాడు. ఆయాసానికి మధ్య మధ్యలో ఆగుతూ, ఆమె చెప్పినట్టే ఒక్కొక్కటీ బిగించాడు. బొటనవేళ్లు లావువి, అయినా మెత్తగా పనిచేశాయి. స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది.

తీగ తీసి మళ్లీ పెట్టాడు. పెట్టె మీద తట్టాడు. తర్వాత ప్రాసెసర్ వచ్చిన అట్టపెట్టె చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి చదివాడు. చదివి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చింది, అయినా ఆపలేదు.

"ఎఫ్ఫే, ఎఫ్! ఫేసు లేనిది! ప్రాసెసరక్కగారు సొంత మొగుడికి బొమ్మ లేనిది అంటగట్టారు. దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు."

సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. తర్వాత తనకూ నవ్వొచ్చింది. అతను అంత గట్టిగా నవ్వగా విని ఎన్నాళ్లయిందో.

నవ్వు అయిపోయాక అతను బోర్డు వైపు చూశాడు. రాత్రి అన్నాల దగ్గర వినీ వినీ ఆ షాపు భాషంతా అతనికి వచ్చు.

"ఇది పిల్ల బోర్డు కదూ?"

"ఊఁ."

"ముసలిది తెచ్చుంటే ఈపాటికి రోడ్డెక్కేవాణ్ణి కదా."

"దాన్ని ముందు ముందు మార్చుకోలేం."

అతను చేతిలో స్క్రూడ్రైవరును ఇటూ అటూ తిప్పాడు. "నిన్న డాక్టరమ్మ నీతో ఏమంది?"

"మందులు మానొద్దంది."

"నాతోనూ అంతే అందిలే." అతని గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. ఇద్దరికీ తెలుసునని ఇద్దరికీ తెలిసిపోయింది. "సరే. పిల్ల బోర్డే ఉండనీ. బొమ్మొచ్చేది పట్టుకురా చాలు. షాపు ఇంకా తెరిచే ఉంటుందిగా?"

"రేపు తెస్తాలెండి."

"రేపెందుకు? వెళ్లిరా. పోయినవారం నుంచి బండి షెడ్డులోనే ఉంది."

ప్రాసెసర్ ఊడదీసి, పేస్టు తుడిచి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆమె చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి, "పేరు చివర చూసి తే" అని అరిచాడు.

షాపులో ఓనరు తల పట్టుకున్నాడు. "నువ్వే ఇలా చేస్తే ఇంక జనానికి ఎవరు చెబుతారక్కా?" అంటూనే, తేడా డబ్బు జీతంలో పట్టుకుంటానని మార్చి ఇచ్చాడు. ఈసారి నడుం ఎత్తులో ఉన్న పెట్టె. బాబాయి బయటికొచ్చి, పేరు వేలితో కూడబలుక్కుని చదివి, "ఇది పక్కా. బొమ్మ ఖాయం" అన్నాడు. బస్సులో ఆమె పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. లారీ మలుపు తిరుగుతుంటే అతను నోటితో హారన్ కొడతాడని గుర్తొచ్చి, పక్కావిడ చూస్తుందని నవ్వు ఆపుకుంది. చాలా కాలం తర్వాత ఆమెకు సంతోషంగా ఉంది.

తలుపు తీసే ఉంది. అతను కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆమె పిలిచింది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. రెండోసారి పిలవలేదు.

పక్కింటివాళ్లు వచ్చారు. ఎవరో ఫోను చేశారు, ఎవరో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఒకావిడ ఆమె ఒళ్లోంచి పెట్టె తీసి పక్కన పెట్టబోతే ఇవ్వలేదు. "పేరు చివర చూసే తెచ్చానండీ" అని ఆవిడకు చెప్పింది. ఆవిడకు అర్థం కాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు.

మనుషులు అడ్డు తప్పుకున్నాక బల్ల కనపడింది. ఆమె వచ్చేలోగా అతను బోర్డును మళ్లీ తుడిచినట్టున్నాడు, ఎక్కడా నలక లేదు. ప్రాసెసర్ కూర్చునే ఖాళీ గడిలో బంగారురంగు చుక్కలు మెరుస్తున్నాయి, ఆమె రాగానే పని ఆలస్యం కాకుండా ప్రాసెసర్‌ను బిగించి పట్టే సన్నటి కడ్డీని అతను ముందే పైకెత్తి పెట్టాడు, అది అలాగే నిలబడి ఉంది.